తొలిసారి సంగటి కెలికేవారికి



నాలుగేళ్ల కిందట మా అమ్మ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆ రాత్రి ఇంట్లో రాగిపిండి ఉంది, పొయ్యి ఉంది, సంగటి కెలికే మనిషి మాత్రం లేదు. బి.ఇడి. చదివి, బడిలో రెండు భాషల్లో పాఠాలు చెప్పే నేను, నలభై దాటాక మొదటిసారి కర్ర పట్టుకున్నాను. వచ్చింది సంగటి కాదు. పైన జావ, లోపల పొడిపిండి ఉండలు. ఆ తప్పుల వల్ల నేర్చుకున్నదే ఈరోజు మీకు చెబుతాను.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పక్క ఏడాది పొడుగునా పారే నది లేదు. వానను నమ్ముకుని పండే రాగులే మన పెద్దలను కరువుల్లో కాపాడాయి. బాగా ఎండబెట్టి దాచితే రాగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. కనకదాసు రాసిన 'రామధాన్య చరిత్రె'లో వరికీ రాగికీ తగవు వస్తే, ఈ నిలవ గుణం వల్లే రాగి గెలుస్తుంది.

కన్నడంలో ముద్దె అన్నదే మన నోట సంగటి. సరిహద్దు దాటి రాయలసీమకు పోతే, చాలా ఇళ్లలో ముందు బియ్యం మెత్తగా ఉడికించి అందులో పిండి పోస్తారు. నేను చెప్పేది ఒట్టి పిండితో చేసేది.

ఇద్దరికి రెండు గ్లాసుల నీళ్లు, ఒక గ్లాసు పిండి చాలు. మందపు గిన్నె తీసుకోండి. ముందు ఒక చెంచా పిండిని కొద్ది చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ ఎసట్లో పోయండి. ఉప్పు మీ ఇష్టం. ఎసరు పలచని జావలా తెర్లుతుండగా మిగతా పిండిని నడిమధ్య కుప్పగా పోయండి. ఇక్కడే కొత్తవాళ్లు తొందరపడతారు. కలపకండి. మంట తగ్గించి, మూత వారగా పెట్టి, ఐదారు నిమిషాలు ఆగండి. కర్రతో కుప్ప మధ్య ఒక బొక్క పొడిస్తే నీళ్లు లోపలికెక్కి పిండి ఉడుకుతుంది.

తర్వాత పైన తేలే వేడినీళ్లు కొన్ని ఒక గ్లాసులోకి తీసి ఉంచుకోండి. గిన్నె కదలకుండా గట్టిగా పట్టుకుని, పిండిని గిన్నె పక్కలకేసి అదుముతూ కెలకండి. గట్టిపడితే ఆ నీళ్లే కొంచెం కొంచెంగా పోయండి. ఉండలు పోయాక రెండు నిమిషాలు మూతపెట్టి మగ్గనివ్వండి. తడివేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. వేడి తగ్గకముందే తడిచేత్తో ముద్ద కట్టాలి, చల్లారితే పగుళ్లిస్తుంది.

జపానులో సుషి అనే వంటకం ఉంది. వెనిగర్ కలిపిన అన్నాన్ని తడిచేత్తో చిన్న ముద్దలుగా అదిమి, పైన చేపముక్క పెడతారు. అది నేర్చుకునేవారు ముందు కుదుర్చుకోవలసింది అన్నమే. మనమూ ముందు సంగటి కుదుర్చుకోవాలి. బస్సారా, చలికాలంలో పితికిపప్పు పులుసా అన్నది తర్వాతి మాట.

మొదటిసారి ఉండలు కడితే పారెయ్యకండి. నీళ్లు చిలకరించి, మూతపెట్టి, మళ్లీ మగ్గబెట్టి కెలకండి. మూడో నాలుగో సారికి చెయ్యి తిరుగుతుంది.

మీ ఇంట్లో సంగటి కెలికే చెయ్యి ఒక్కటే అయితే, ఈ ఆదివారం ఇంకో చేతికి కర్ర ఇవ్వండి. ఆడపిల్లా, మగపిల్లవాడా అని చూడకండి. రేపు బెంగళూరులో గది తీసుకుని ఉండేది వాళ్లే.

మా అమ్మ మణికట్టు అతుక్కుంది గానీ, పాత పట్టు రాలేదు. ఇప్పుడు నేను కెలుకుతుంటే పక్కన పీట వేసుకుని, కర్ర చప్పుడు విని, "ఇంకా ఉండలున్నాయి, అదుము" అంటుంది. ఆ మాట చెప్పే పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే నేర్చుకోండి.