పాత కారును ఏ షెడ్డుకు అప్పగించాలి?

కోరాపుట్, రాయగడ ఘాట్ రోడ్లపై ఒకనాడు జీపులు, అంబాసిడర్లదే రాజ్యం. అంబాసిడర్ తయారీని హిందుస్థాన్ మోటార్స్ 2014లో నిలిపివేసింది. అయినా తాతల నాటి కారును అమ్మడానికి మనసొప్పక ఇంటి పంచన ఉంచుకున్న కుటుంబాలు ఈ సరిహద్దు ప్రాంతంలో లేకపోలేదు. దానిని తిరిగి రోడ్డెక్కించాలనుకునే యజమాని ముందుగా తేల్చుకోవలసింది షెడ్డు ఎంపిక. పని తెలియని చేతిలో పడితే డబ్బుతో పాటు కారు అసలు స్వరూపమూ పోతుంది. అది మళ్లీ రాదు.

మరమ్మతు వేరు, పునరుద్ధరణ వేరు. 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిబంధనలు వెలువరించింది. కొత్త నమోదుకు రుసుము రూ.20,000; గడువు 10 సంవత్సరాలు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదన్నది ముఖ్యమైన షరతు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను అమర్చితే ఇంధన ఖర్చు తగ్గవచ్చు గాని ఈ అర్హత చేజారుతుంది. కనుక బానెట్ ఎత్తీ ఎత్తకముందే ఇంజను మార్చేద్దామనే షెడ్డుకు దూరంగా ఉండడం శ్రేయస్కరం. వింటేజ్‌గా నమోదైన కారును నిత్య ప్రయాణాలకు వాడరాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

సగం పనిలో ఉన్న కారును చూస్తే షెడ్డు పనితనం తెలుస్తుంది. తుప్పు పట్టిన రేకును కోసి కొత్త రేకు వెల్డింగు చేస్తున్నారా, లేక పైన పుట్టీ మెత్తి రంగు వేస్తున్నారా అన్నది పరిశీలించాలి. గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించితే మందపు పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు. జీపుకు విడిగా ఛాసిస్ ఉంటుంది. అంబాసిడర్‌కు బాడీయే ఆధారం. కాబట్టి దాని అడుగు రేకులలోని తుప్పు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది. వీటికి ఏ రకం రబ్బరు వాడతారని అడిగితే మెకానిక్ అవగాహన తేలిపోతుంది. పని ముగిశాక బ్రేకులను, రేడియేటరును ఘాట్ దారిలోనే పరీక్షించాలి.

కార్బురేటరు, బ్రేకుల వంటి పనులకు దగ్గరలోని అనుభవజ్ఞుడైన మెకానిక్ చాలు. బాడీ పనికి విశాఖపట్నమో, విజయవాడ ఆటోనగరో వెళ్లవలసి వస్తే రిజిస్ట్రేషన్ గడువు తీరిన కారును లారీపైనే పంపాలి. ఒడిశాలో నమోదైన వాహనాన్ని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఏళ్ల తరబడి పని సాగదీసే షెడ్డుతో ఈ చిక్కూ వస్తుంది.

కారు అప్పగించే ముందు ఇంజను, ఛాసిస్ నంబర్లను ఆర్.సి. పుస్తకంతో సరిచూసుకుని అన్ని వైపులా ఫోటోలు తీయించాలి. అంచనా, గడువు కాగితంపై ఉండాలి. సొమ్ము మొత్తం ముందే ఇవ్వక, పని జరిగిన కొద్దీ విడతలుగా చెల్లించాలి. విప్పిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలన్న షరతు తప్పనిసరి. ఇందుకు సంతోషంగా ఒప్పుకునే షెడ్డు కొంత ఎక్కువ అడిగినా అక్కడికే వెళ్లడం మేలు.