ఆగిన వాచీకి మళ్లీ ప్రాణం

సెల్‌ఫోను జేబులో ఉండగా చేతికి వాచీ ఎందుకని మిత్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. అందులోనూ కొత్త వాచీ కాదు, రోజూ కీ ఇవ్వాల్సిన పాతకాలపు వాచీ. వాటిని వెతికి తెచ్చుకోవడం, బాగుచేయడం, పట్టీ మార్చి పెట్టుకోవడం మాలో కొందరికి అలవాటైంది. ఇందులో నేర్చుకోవలసింది ఏముందో, డబ్బు దండగ కాకుండా ఎలా చేయాలో హాస్టల్ తమ్ముళ్లకూ, పూర్వ విద్యార్థులైన అన్నలకూ వివరించాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆ పేరు వెనుక కథ

మన ప్రాంతంలో దొరికే పాత వాచీల్లో ఎక్కువ భాగం హెచ్.ఎం.టి.వే. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. మొదటి వాచీలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత తుముకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలో కూడా కర్మాగారాలు వచ్చాయి. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్ అనే పేర్లు ఇంటింటికీ తెలిశాయి. చూపులేనివారు వేలితో తడిమి టైం తెలుసుకునే బ్రెయిలీ వాచీని కూడా ఈ సంస్థ తయారుచేసింది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక, ముఖ్యంగా 1984లో టైటాన్ ఏర్పడిన తర్వాత, కీ వాచీల వెలుగు తగ్గుతూ వచ్చింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

మనం కొనే హెచ్.ఎం.టి. బియ్యానికి కూడా ఆ వాచీ పేరే పెట్టారని చాలామందికి తెలియదు. ఆ వంగడాన్ని తీసినది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందిన దళిత రైతు దాదాజీ ఖోబ్రాగడే. ఆయన చదువు మూడో తరగతి దాకానే. 1983లో పొలంలో తేడాగా కనిపించిన వరి వెన్నులను ఏరి, ఏళ్ల తరబడి విడిగా పెంచి చూశారు. అప్పట్లో జనం మెచ్చిన వాచీ పేరు ఆ వడ్లకు స్థిరపడింది. వంగడం రాష్ట్రాలు దాటింది గానీ, ఆయన 2018లో చనిపోయే దాకా పేదరికం ఆయన్ని వదల్లేదు. వస్తువు పేరు నిలిచి, చేసిన చేయి మరుగున పడడం మనలాంటి వాళ్ల ఇళ్లకు కొత్త కాదు.

వాచీ లోపల ఏం జరుగుతుంది?

కీ తిప్పినప్పుడు మెయిన్ స్ప్రింగ్ బిగుసుకుంటుంది. అది విచ్చుకునేటప్పుడు వచ్చే బలం పళ్లచక్రాల మీదుగా ఎస్కేప్ వీల్ అనే చక్రానికి చేరుతుంది. ఆ బలాన్ని అలాగే వదిలేస్తే ముళ్లు గిర్రున తిరిగి కాసేపట్లో ఆగిపోతాయి. అందుకే పాలెట్ అనే రెండు కొమ్ముల ముక్క ఆ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదులుతుంది. ఎప్పుడు వదలాలో నిర్ణయించేది బాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్ దాన్ని ఊయలలా అటూ ఇటూ ఊపుతుంది. జనతా వాచీలో ఇలా సెకనుకు 5 టిక్కులు, గంటకు 18,000.

డయల్ మీద '17 జువెల్స్' అని ఉంటే అవి నగల రాళ్లు అనుకోవద్దు. ఇరుసులు తిరిగే చోట అరుగుదల తగ్గించడానికి పెట్టిన కృత్రిమ కెంపులవి. క్వార్ట్జ్ వాచీలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి టైం కచ్చితంగా చూపిస్తుంది. కీ వాచీ రోజుకు కొన్ని సెకన్లు ముందో వెనకో నడవడం సహజం. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీ పట్టిన స్థితిస్థాపకత, డోలనం, ఘర్షణ అన్నీ రూపాయి బిళ్లంత చోట కళ్లముందు కదలడం చూస్తే ఆ పాఠం ఇక మరచిపోలేం.

ఆగిన వాచీ చేతికొస్తే

మొదటి సూత్రం, కీని బలవంతంగా తిప్పవద్దు. పూర్తిగా కీ ఉన్నా నడవకపోతే "కీ ఎక్కువై పాడైంది" అంటారు. చాలాసార్లు అసలు కారణం లోపలి నూనె ఎండి జిగురులా మారడమే. అప్పుడు మిషన్ విప్పి, కడిగి, సూదిమొన మీద నిలిచేంత నూనె మాత్రమే వేయాలి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పనికిరావు.

నేర్చుకునేవాళ్లు మంచి వాచీ మీద చేయి పెట్టకుండా, పనికిరాని వాచీని కొని విప్పడం, బిగించడం సాధన చేయాలి. ఒక పట్టకారు, చిన్న స్క్రూడ్రైవర్లు, కంటి దగ్గర పెట్టుకునే భూతద్దం, కింద తెల్లగుడ్డ ఉంటే చాలు. విప్పే ప్రతి దశలోనూ సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. స్పీకర్లు, అయస్కాంతాల దగ్గర వాచీ పెడితే హెయిర్ స్ప్రింగ్ చుట్లు అంటుకుని టైం బాగా ముందుకు పరుగెత్తవచ్చు.

పూర్తిగా కొత్త వాచీని సొంతంగా తయారుచేయాలనుకునేవారు సీకో వారి ఎన్.హెచ్.35 వంటి తయారు మిషన్ తీసుకుని, దానికి సరిపడే కేసు, డయల్, ముళ్లు జతచేస్తారు. అది ఖర్చుతో కూడిన పని. ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

కొనేముందు చూడవలసినవి

హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల పాత వాచీలు కనిపిస్తాయి. కేసు గీతలు పడి, డయల్ మాత్రం మిలమిలలాడుతుంటే అది మళ్లీ అచ్చువేసిన డయల్ అయ్యుండవచ్చు. అక్షరాలు వంకరగా ఉన్నాయా, ముళ్ల పొడవు నిమిషాల గీతలకు అందుతోందా, మూత తీస్తే మిషన్ మీద కంపెనీ పేరు ఉందా అని చూడాలి. డయల్ మార్చడం తప్పు కాదు, మార్చిన సంగతి దాచి పాతదని అమ్మడం తప్పు. మనం ఏ భాగం మార్చినా అసలు భాగాన్ని కవరులో దాచిపెట్టాలి.

చీకట్లో మెరిసే దేన్నయినా మనం 'రేడియం' అంటాం. 1960లకు ముందటి కొన్ని విదేశీ వాచీల్లో నిజంగానే రేడియం పూత ఉండేది. అలాంటి డయల్‌ను విప్పడం, గీకడం ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యం, ఫీజు డబ్బుతోనో అప్పుతోనో ఈ సరదా వద్దు. ఇంట్లో ఉన్న వాచీతో మొదలుపెడితే ఖర్చు తక్కువ, విలువ ఎక్కువ.

మనకు ఎందుకు?

మాలో ఎక్కువమందిమి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం. మా తాతల కాలంలో కూలికి వెళ్లడానికి పొద్దు, మొదటి బస్సు చూసుకునేవారు. ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్క గట్టు మీద నిలబడ్డ ఆసామి చేతి వాచీలోనే ఉండేది. అలాంటి ఇంట్లోకి పెళ్లి కానుకగానో, మొదటి జీతంతోనో వచ్చిన వాచీ అంటే అలంకారం కాదు, తన గంటలు తానే లెక్కపెట్టుకునే హక్కు.

ఆ వాచీలను బాగుచేసే మేస్త్రీలు బస్టాండ్ల దగ్గర అద్దాల పెట్టెల ముందు ఇంకా కొందరు మిగిలారు. వాళ్లలో చాలామంది పక్కన నేర్చుకునే పిల్లలు లేరు. సెలవుల్లో వెళ్లి పక్కన కూర్చుని చూస్తామంటే కాదనేవారు తక్కువ.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఆగిపోయిన వాచీ ఉందేమో వెతకండి. అది ఎవరిదో, ఏ ఏడాది, ఏ సందర్భంలో వచ్చిందో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి. వాచీ నడిచినా నడవకపోయినా ఆ కాగితం నిలుస్తుంది. ఆ తర్వాత మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి.