వెనుక బెంచీలో దాగిన కుంగుబాటు

పెద్దల్లో దిగులుగా బయటపడే కుంగుబాటు పిల్లల్లో తరచు చిరాకుగా, మొండితనంగా, కారణం తెలియని కడుపునొప్పిగా కనిపిస్తుంది కనుక, ఇంట్లోనూ బడిలోనూ దానికి బద్ధకమనో పొగరనో పేరు పడుతుంది. ఆ దిగులో చిరాకో రెండు వారాలు దాటినా వీడక, ఆటల మీద ఆసక్తి, నిద్ర, ఏకాగ్రత దెబ్బతింటే వైద్యులు దానిని జబ్బుగా అనుమానిస్తారు. అలాంటి పిల్లవాడి నోటు పుస్తకంలో లెక్క సగంలో ఆగిపోతుంది. మార్కులు తగ్గి తిట్లు పడేకొద్దీ తనకేమీ రాదన్న నమ్మకం బలపడి కుంగుబాటు ముదురుతుంది. మధ్యాహ్న భోజనం పళ్లెంతో వరండా చివర ఒంటరిగా కూర్చునే పిల్లను తోటివారు క్రమంగా ఆటకు పిలవడం మానేస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ కుంగుబాటుకు వలస తోడవుతుంది: తల్లిదండ్రులు కూలికి విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై వెళితే పిల్లలు అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో మిగులుతారు. ఒకప్పుడు శ్రీకాకుళంలో, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట ఏజెన్సీలో, ఇంట్లో సవర మాట్లాడే పిల్లలకు ఆశ్రమ పాఠశాలలో ఎడబాటుతోపాటు భాష కూడా పరాయిదవుతుంది. అయితే వలసే జబ్బుకు మూలమనడం తొందరపాటు. నమ్మకంగా వినే ఒక్క పెద్ద, ఒక్క స్నేహితుడు ఉన్నా చాలామంది తట్టుకుంటారు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనే సలహా దొరుకుతుంది.