పసిబిడ్డ రాత్రంతా ఎందుకు మేల్కొంటుంది?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈమధ్య బిడ్డ పుట్టిందా? అయితే ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పగలంతా చూడవచ్చిన వాళ్ళతో ఇల్లు కళకళలాడుతుంది. "ముక్కు బాపుదే, కండ్లు అమ్మమ్మవే" అంటూ అందరూ మురిసిపోతారు. రాత్రి పదకొండు గంటలకు ఇల్లంతా నిద్రకు ఒరిగే వేళ బిడ్డ కేరుమంటుంది. అమ్మ లేచి పాలిస్తుంది. ఒంటిగంటకు మళ్ళీ ఏడుపు. మూడింటికి మళ్ళీ. తెల్లవారేసరికి అమ్మ కళ్ళు ఎర్రబడి ఉంటాయి. బిడ్డ మాత్రం హాయిగా నిద్రపోతూ ఉంటుంది!

"ఈ పోరికి రాత్రే పగలైంది" అని నాయనమ్మ నవ్వుతుంది. ఇది బిడ్డ మొండితనమా? కాదు. దీనికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి. బిడ్డ మెదడులో గడియారం ఇంకా నడవడం లేదు. పొట్ట చాలా చిన్నది. పైగా ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

గడియారం లేని బిడ్డ

చీకటి పడగానే మన మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. "రాత్రి అయింది, ఇక విశ్రాంతి" అని శరీరానికి కబురందించేది ఇదే. కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తంలోని మెలటోనిన్ మాయ ద్వారా బిడ్డకు అందుతూ ఉంటుంది. బొడ్డుతాడు తెగిన క్షణం నుంచి ఆ కబురు ఆగిపోతుంది. బిడ్డ సొంత గడియారం సరిగా నడవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా రోజుకు సుమారు 16 గంటలు నిద్రపోయినా, ఆ నిద్రంతా రెండు మూడు గంటల ముక్కలుగానే ఉంటుంది.

ఈ గడియారానికి కీ ఇచ్చేది వెలుతురు. కాబట్టి పగలు బిడ్డ ఉన్న గదిలో కిటికీ తెరిచి ఉంచాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు పెద్ద లైటు వేయకుండా చిన్న దీపంతో సరిపెట్టుకోవాలి.

చిన్న పొట్ట, పెద్ద పని

పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఐదు నెలలకల్లా సుమారు 6 కిలోలు తూగుతుంది. ఐదు నెలల్లో మీ బరువు రెండింతలైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి! ఇంత పెరుగుదలకు ఎంతో ఆహారం కావాలి. కాని పొట్టలో ఒకసారికి పట్టేది కొద్దిగానే. తల్లిపాలు తేలికగా, త్వరగా అరిగిపోతాయి. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. ఇరవై నాలుగు గంటలను 12తో భాగించి చూడండి. రెండు గంటలకొకసారి ఏడుపు ఎందుకో లెక్క తేలిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని పసుపుపచ్చ పాలను ముర్రుపాలంటారు. ఇవి చెంచాలతో కొలిచేటంత కొంచెమే వస్తాయి. వెనుకటి రోజుల్లో చాలా ఇళ్ళలో వీటిని పిండి పారబోసి, బిడ్డకు తేనెనో పంచదార నీళ్ళనో నాకించేవారు. నిజానికి ముర్రుపాలు రోగాలతో పోరాడే ప్రతిరక్షక పదార్థాల గని. ఒక రకంగా బిడ్డకు అందే మొదటి టీకా ఇదే. తేనె, నీళ్ళు పసిబిడ్డకు మేలు చేయవు సరికదా, కీడు చేయవచ్చు.

పుట్టిన గంటలోపే పాలు పట్టాలని వైద్యులు చెబుతారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే! ఆసుపత్రిలో పుట్టినా ఎందుకిలా? ఒక కారణం ఆపరేషన్లు. అదే సర్వేలో రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగినట్టు తేలింది. కరీంనగర్ జిల్లాలోనైతే నూటికి 80 దాటాయి. కోత నొప్పితో పడుకున్న తల్లి తనంతట తాను బిడ్డను ఎత్తుకోలేదు. పక్కనున్నవారు బిడ్డను రొమ్ముకు చేర్చి పట్టుకుంటే ఆమె కూడా మొదటి గంటలోనే పాలివ్వగలదు. ఇక్కడ కావలసింది మందు కాదు, ఒక తోడు చేయి.

ఆదిలాబాద్ చలిలో ఒక లెక్క

మూడో కారణం అన్నిటికన్నా ముఖ్యమైనది. తెలంగాణలో చలికి పేరుపొందిన సీమ పాత ఆదిలాబాద్ జిల్లా. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోతుంది. మనం దుప్పటి కప్పుకొని పడుకుంటాం. పసిబిడ్డ సంగతి?

3 కిలోల బిడ్డ చర్మం వైశాల్యం సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు. 60 కిలోల మనిషిది సుమారు 16,000 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు ఒక్కో కిలో బరువుకు ఎంత చర్మం ఉందో లెక్క కట్టండి. బిడ్డకు దాదాపు 667, పెద్దవారికి దాదాపు 267. అంటే కిలోకు రెండున్నర రెట్లు! వేడి బయటికి పోయేది చర్మం నుంచే కదా. వెడల్పు పళ్ళెంలో పోసిన చాయ్ గ్లాసులో చాయ్‌కన్నా ముందు చల్లారినట్టే, బిడ్డ మనకన్నా వేగంగా చల్లబడుతుంది.

చలేస్తే మనం గజగజ వణుకుతాం. ఆ వణుకుతో కండరాల్లో వేడి పుడుతుంది. పసిబిడ్డకు అలా వణకడం చేతకాదు. దానికి బదులు ప్రకృతి మరో ఏర్పాటు చేసింది. బిడ్డ భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఉంటుంది. చలి తగలగానే ఆ కొవ్వు మండి వేడినిస్తుంది. కాని నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఈ కొవ్వు చాలా తక్కువ. అలాంటి బిడ్డ చల్లబడితే ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. పాలు తాగడం మానేస్తుంది. పాలు లేక శక్తి తగ్గి మరింత చల్లబడుతుంది. ఏడవకుండా పడుకున్న బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మ ఒళ్ళే కుంపటి

చలికి బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మన పల్లెల్లో పాత అలవాటు. వెచ్చదనం కావాలన్న ఆలోచన మంచిదే. కాని తలుపులు మూసిన గదిలో పొగ, కార్బన్ మోనాక్సైడ్ వాయువు పేరుకొని తల్లీబిడ్డలకు ఊపిరాడకుండా చేస్తాయి.

మరి ఏం చేయాలి? 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యునికి ఇదే ప్రశ్న ఎదురైంది. ఆయన ఆసుపత్రిలో తక్కువ బరువు పిల్లలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టాల్సి వచ్చేది. అందుచేత ఆయన బిడ్డను నేరుగా తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం తగిలేట్టు నిలువుగా పడుకోబెట్టి పైన గుడ్డ కట్టించాడు. కంగారూ తన సంచిలో పిల్లను మోసినట్టన్న మాట! తల్లి ఒంటి వేడి బిడ్డకు అందింది. పాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికాయి.

పెట్టెలు దొరకక చేసిన ఈ పని పెట్టెలకన్నా మేలైనదా? భారత్‌తో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. 1,800 గ్రాములలోపు బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే ఇలా హత్తుకుంటే, నిలకడ చిక్కేదాకా ఆగి మొదలుపెట్టిన దానికంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లి అలసిపోతే తండ్రి గాని, అమ్మమ్మ గాని బిడ్డను ఇలాగే హత్తుకోవచ్చు. తల శరీరం పొడవులో నాలుగో వంతు ఉంటుంది కనుక టోపీ మరువకూడదు. మొదటి రోజు స్నానం చేయించకూడదు.

పూసలతో ఊపిరి లెక్క

మన ప్రాణహిత నదికి అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. కాళేశ్వరం ఎదుట ఉన్న సిరొంచలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 1980లలో పనిచేయడం మొదలుపెట్టారు. ఆసుపత్రులు దూరం. పుట్టిన నెలలోపే ఎందరో పిల్లలు చనిపోయేవారు. వారు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, రోగం వస్తే గుర్తించి మందివ్వడం వారి పని. ఇలాంటి సేవ లేని గ్రామాలతో పోలిస్తే మూడో ఏటికి నెలలోపు పిల్లల మరణాలు సుమారు 62 శాతం తగ్గాయి. 1999లో ఈ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2011 నుంచి మన దేశమంతటా ఆశా కార్యకర్తలు పసిబిడ్డల ఇళ్ళకు వెళుతున్నది ఈ బాటలోనే. మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా అక్క ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైందా?

అంకెలు అంతగా రాని మంత్రసానుల కోసం బంగ్ దంపతులు ఒక పూసల పరికరం చేయించారు. పక్కనే ఒక నిమిషం ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస వంతు వస్తే న్యుమోనియా అని అనుమానించాలి.

మీకు అంకెలు వచ్చు, గడియారమూ ఉంది. బిడ్డ నెమ్మదిగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పసిబిడ్డ ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి అర నిమిషం లెక్క పనికిరాదు. 60 గాని, అంతకన్నా ఎక్కువ గాని వస్తే మళ్ళీ లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే వెంటనే పెద్దలకు చెప్పండి. పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, డొక్కలు ఎగరేసినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

అమ్మను మరువకండి

కాన్పు తరువాత తల్లి శరీరంలో కొన్ని హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి తోడవుతుంది. అందుకే చాలామంది తల్లులకు మొదటి వారంలో కారణం లేకుండానే కన్నీళ్ళు వస్తాయి. "బిడ్డ పుట్టిన సంబరంలో ఏడుపేమిటి?" అని గద్దించకూడదు. సాధారణంగా రెండు వారాల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యులకు చూపించాలి. ఈలోగా మీరు చేయగల సాయం చాలా ఉంది. గుడ్డలు ఉతకండి. చేతులు సబ్బుతో కడుక్కొని బిడ్డను కాసేపు ఎత్తుకోండి. అమ్మ ఆ గంటసేపు కునుకు తీస్తుంది.

ఇంత శ్రమకు బిడ్డ ఏమిస్తుందంటారా? 1980లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ ఒక ప్రయోగం చేశారు. మూడు రోజులైనా నిండని పిల్లలు వేరే స్త్రీ గొంతు కన్నా తమ తల్లి గొంతు వినడానికే చప్పరించే తీరు మార్చుకున్నారు! కడుపులో ఉండగానే ఆ గొంతు వారికి పరిచయమైంది. పసిబిడ్డకు స్పష్టంగా కనిపించేది ఒక జానెడు, జానెడున్నర దూరమే. పాలు తాగే బిడ్డకు అమ్మ ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది.

ఆరు వారాలు దాటాక ఒక ఉదయం ఆ బిడ్డ మీ ముఖం చూసి మొదటిసారి నవ్వుతుంది. ఆ రోజున, రాత్రి మూడింటికి మీరు లేచి అమ్మకు మంచినీళ్ళ గ్లాసు అందించిన సంగతి గుర్తు చేసుకోండి. ఆ నవ్వులో మీ వాటా కూడా ఉంది.