ఫిన్నిష్ 'సనస్తొ' – పదజాలాభ్యసన రీతి

ఫిన్నిష్ భాషలో పదజాలమునకు 'సనస్తొ' అని పేరు. 'సన' అనగా పదము. '-స్తొ' సమూహార్థక ప్రత్యయము. 'కిర్య' (పుస్తకము) నుండి 'కిర్యస్తొ' (గ్రంథాలయము), 'లైవ' (ఓడ) నుండి 'లైవస్తొ' (నౌకాదళము) ఈ విధముగనే నిష్పన్నములు. ఈ ఒక్క ప్రత్యయము నెఱిగిన విద్యార్థికి అనేక పదములు సుబోధములగును.

అయినను ప్రథమా రూపముల పట్టికను కంఠస్థము చేసినంతమాత్రమున ఈ భాష పట్టువడదు. ఇందు విభక్తులు 15 అని సంప్రదాయ గణన. విభక్తి చేరునపుడు ప్రాతిపదికయే మారుటయు కలదు. 'వెసి' (నీరు) షష్ఠిలో 'వెదెన్' అగును; 'క్యసి' (చేయి) 'క్యదెన్' అగును. పాఠమున 'వెదెన్' కనబడినను నిఘంటువులో వెదకవలసినది 'వెసి' అను రూపమునే. కావున ప్రథమతోపాటు షష్ఠీరూపమును జతగా అభ్యసించుట అవసరము.

తెలుగున నీరు–నీటి, చేయి–చేతి అను ఔపవిభక్తిక రూపములు ఇట్టివే. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషలను ఫిన్నిష్‌తో కూడిన 'సిథియన్' వర్గముతో పోల్చెను. కాని ద్రావిడ, యురాలిక్ కుటుంబములకు జన్యసంబంధము నిరూపితము కాలేదు. సాదృశ్యము నిర్మాణగతమే. బోధనకు అంతమాత్రము చాలును: అన్యభాషీయులకై కూర్చు తెలుగు పదపట్టికలలోను 'నీరు' ప్రక్కన 'నీటి' ఉండవలెను.