బళ్ళారి మండలపు వీధిబడియు, విదేశీయ ఉపాధ్యాయుడును

నిజాము 1800వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీకి వదలిన దత్తమండలములు 1808లో కడప, బళ్ళారి యని రెండుగా విభజింపబడెను. నాటి బళ్ళారి మండలము నేటి దానికంటె మిక్కిలి పెద్దది. అనంతపురము అందులోని భాగమే. 1882లో గాని అది వేరు మండలము కాలేదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమున చేరువరకు బళ్ళారి లోనివే. ఒకే వీధిలో తెలుగును కన్నడమును వినబడు ఇట్టి సీమకు దేశాంతరము నుండి వచ్చి బడి పెట్టదలచిన వానికి మొదట ఎదురైన ప్రశ్న తాను ఏమి నేర్పవలెనన్నది కాదు. ఏ భాష నేర్చుకొనవలెనన్నది.

లండను మిషనరీ సంఘము పంపగా జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరెను. 1813 నాటి చార్టరు శాసనమునకు ముందు కంపెనీవారు మిషనరీలను శంకతోనే చూచుచుండిరి. హ్యాండ్స్ కన్నడమును ఎన్నుకొనెను. కాని నేర్చుకొనుటకు అచ్చుపుస్తకమేది? విలియం కేరీ రచించిన కన్నడ వ్యాకరణము శ్రీరామపురమున వెలువడినది 1817లో. అనగా హ్యాండ్స్ వచ్చిన ఏడేండ్లకు. అందుచేత బోధింప వచ్చినవాడు ముందుగా ఊరివారికి శిష్యుడై, వారి నోట విన్న మాటలను వ్రాసికొని, తన నిఘంటువును, తన వ్యాకరణమును తానే కూర్చుకొనవలసి వచ్చెను. అటుపిమ్మట అతడు బడులు నడపెను, బైబిలును కన్నడీకరించెను. అది 1831 నాటికి సంపూర్ణమయ్యెను. 1816లో అతనితో కలిసిన విలియం రీవ్ ఇంగ్లీషు-కన్నడ నిఘంటువును 1824లోను, కన్నడ-ఇంగ్లీషు నిఘంటువును 1832లోను ప్రకటించెను.

ఇదే మండలమున తెలుగు పక్షమున చెప్పదగిన ఆంగ్లేయుడు ఎ. డి. క్యాంబెల్. ఇతడు బడిపంతులు కాడు, కలెక్టరు. అయినను చెన్నపురిలో 1812లో ఏర్పడిన కళాశాలలో దొరతనపు పిల్ల ఉద్యోగులు దేశభాషలు నేర్చుటకై ఇతడు రచించిన తెలుగు వ్యాకరణము 1816లో అచ్చయ్యెను. తెలుగు సంస్కృతము నుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో ఒక కుటుంబము లోనిదనియు ఎల్లిస్ నిరూపించిన వ్యాసము ఆ గ్రంథమునకే పీఠికగా వెలసినది. అట్టి భాషాపరిచయము గలవాడు కనుకనే, గవర్నరు మన్రో 1822లో బడుల లెక్క పంపుడని కలెక్టర్లను కోరినపుడు, తక్కినవారిలో పలువురు అంకెలతో సరిపెట్టగా, క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక బడిలోపలి బ్రతుకునంతయు చూపినది.

ఆ లెక్క ఇది. మండల జనసంఖ్య 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. వేయిమందికి ఇంచుమించు ఏడుగురు! బాలికలు అరువదిమంది మాత్రమే. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారశీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. సంస్కృతమున శాస్త్రములు చెప్పు స్థానములు 23. సరిహద్దు వివాదములలో ఈ అంకెలను ఎవరైన ఎత్తిచూపదలచినచో ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఇవి అనంతపురముతో కూడిన నాటి పెద్ద మండలమునకు చెందిన లెక్కలే గాని బళ్ళారి పట్టణమునకో, నేటి జిల్లాకో చెందినవి కావు. వీనితో ఇరుపక్షముల వాదమును నిలువదు.

ఇక బడి. పిల్లవానికి అయిదవ ఏడు రాగానే తల్లిదండ్రులు పంతులుగారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచెడివారు. వినాయకుని ప్రతిమ ఎదుట పిల్లవానిని కూర్చుండబెట్టి, పంతులు వాని వ్రేలు పట్టి బియ్యములో మొదటి అక్షరములు దిద్దించెడివాడు. మరునాటినుండి బడి. ఉదయము ఆరుగంటలకు తెరచెడివారు. మొదట వచ్చిన వాని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న చుట్టెడివారు, మెప్పును లేదు, తప్పును లేదని గుర్తుగా. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన వారికి వరుసగా ఒక్కొక్కటి అధికము. గడియారము లేని ఊళ్ళలో వేళను పాటింపజేయుటకు ఇంతకంటె చౌకయైన ఉపాయము లేదు. సోమరులకు కోదండము, గుంజీలు తప్పెడివి కావు.

వ్రాత మొదట ఇసుకలో వ్రేలితో. తరువాత తాటాకుపై గంటముతో. కాని ఈ మండలమున ఎక్కువగా వాడినవి పలకయు, కడితమును. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కను చిత్రికపట్టి, అన్నముతో బొగ్గుపొడి పూసినచో పలక. గుడ్డకు గంజిపెట్టి, పుస్తకమువలె మడచి, బొగ్గును బంకలను పట్టించినచో కడితము. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచెడివారు. కాగితపు ఖర్చు లేదు. ఎక్కములు, భిన్నములు, తూనికలు, కొలతలు వల్లెవేయుటయు, ఉత్తరములు, అర్జీలు, ఒడంబడికలు చదువుటయు పెద్దపిల్లల పని. చిన్నవారికి చెప్పవలసిన భారమును ఆ పెద్దపిల్లలే వహించెడివారు.

ఈ చివరి పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట యుక్తమే అనెను. చెన్నపురి ఎగ్మూరులోని అనాథశాలను నడపిన ఆండ్రూ బెల్ ఇసుకలో వ్రాతను, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను స్వదేశమునకు కొనిపోయి 1797లో పుస్తకముగా ప్రకటించెను. ఇంగ్లండులో దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు. విద్య చెప్ప వచ్చినవారే వీధిఅరుగుల మీది విద్యను సీమకు ఎగుమతి చేసిరన్నమాట. ఈ సంగతిని మన చరిత్రగ్రంథములు ఇంకను తగినంతగా చెప్పలేదు.

క్యాంబెల్ కనుగొన్న లోపము మరియొకటి. రామాయణ, భారత, భాగవతములను పిల్లలు చిలుకలవలె వల్లించిరే గాని అర్థమెరుగరు. పద్యముల భాష వేరు, నోటిభాష వేరు. లిపి ఒకటియే గనుక చదువగలరు, తెలిసికొనలేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో చేసిన వాదమునకు బీజము వంటి మాట 1823లోనే బళ్ళారి కచేరీ కాగితములలో ఉండుట గమనింపదగినది.

అన్నిటికంటె కటువైన మాటలు బడుల క్షీణతను గూర్చినవి. సీమగుడ్డ దిగుమతియై నేతవారి బ్రతుకు చెడెను. దండులు దూరపు సరిహద్దులకు తరలిపోయినందున ధాన్యపు గిరాకి తగ్గెను. పన్నుల సొమ్ము మండలమున నిలువక పోవుచుండెను. పంతులుకు జీతమియ్యలేని తల్లిదండ్రులు లేతవయసుననే పిల్లలను కూలికి పంపుచుండిరి. పూర్వ ప్రభువులు విద్యకు మాన్యములిచ్చి యుండగా, నేడు ఈ 533 బడులలో ఒక్కదానికైన దొరతనపు సాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరు తన ప్రభుత్వమునకే వ్రాసెను.

దానికి ఫలితముగా మన్రో 1826 మార్చి 10వ తేదీ మినిట్‌లో జిల్లాకు రెండు పెద్దబడులు, తహసీలుకు ఒక బడి ప్రతిపాదించి, తహసీలు పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లా పంతులుకు పదునైదు రూపాయలు నిర్ణయించెను. మరుసటి సంవత్సరము జులై 6వ తేదీన పత్తికొండలో విషూచితో అతడు మరణించెను. 1835 నాటి ఆంగ్లవిద్యా నిర్ణయముతో తహసీలు బడులకు ఆదరణ పోయెను. బళ్ళారిలో 1846లో మిషనువారు స్థాపించిన వార్డ్లా పాఠశాల నాటికి, పరదేశపు పంతులు మన భాష నేర్చుకొనుటకంటె మన పిల్లలు అతని భాష నేర్చుకొనుట ప్రధానమయ్యెను.