నవలలు రాసిన ఆమె జీవితమే నవలైంది!
11 రోజులు తానెవరో మరచిన అగాథా క్రిస్టీ?

గతం మరచిన కథానాయిక, మారుపేరుతో అజ్ఞాతవాసం, ఒక పక్క ప్రేమ, మరో పక్క భయం - ఇలాంటి నవల చేతికందితే పూర్తయ్యేదాకా కింద పెట్టబుద్ధి కాదు. కాని ఇదంతా ఒక రచయిత్రి జీవితంలోనే జరిగిందంటే నమ్ముతారా? ఆమె పేరు అగాథా క్రిస్టీ. డిటెక్టివ్ నవలలకు లోకమంతా పేరుపొందిన ఆంగ్ల రచయిత్రి.

1926వ సంవత్సరం ఆమెకు అచ్చిరాలేదు. మొదట కన్నతల్లి కన్నుమూసింది. ఆ దుఃఖం తీరకముందే, తాను నాన్సీ నీల్ అనే యువతిని ప్రేమిస్తున్నానని, విడాకులు కావాలని భర్త ఆర్చీ చెప్పేశాడు. డిసెంబరు 3 రాత్రి ఏడేళ్ల కూతురిని ఇంట్లో వదిలి, ఆమె ఒంటరిగా కారులో బయలుదేరింది.

ఖాళీ కారు

మర్నాడు గిల్‌ఫర్డ్ పట్టణ సమీపాన ఆ కారు కనిపించింది. లోపల కోటు ఉంది, మనిషి లేదు. భర్తే చంపి ఉంటాడని కొందరు, పుస్తకాలు అమ్ముకోవడానికి ఆడిన నాటకమని మరికొందరు అన్నారు. పోలీసులు మడుగులు గాలించారు. విమానాలతో వెతికారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ అయితే ఆమె చేతితొడుగును సోదె చెప్పేవాని వంటి ఒకాయనకు చూపించి ఆచూకీ అడిగాడు!

డిసెంబరు 14న ఆమె ఉత్తర ఇంగ్లండులోని హారోగేట్ పట్టణంలో, ఒక హోటల్లో కనిపించింది. గుర్తుపట్టింది అక్కడి వాద్యగాళ్లు. రిజిస్టరులో ఆమె రాసిన పేరు థెరీసా నీల్. భర్త మనసుపడిన యువతి ఇంటిపేరూ నీలే!

డాక్టర్లు ఏమన్నారు?

జ్ఞాపకశక్తి పోయిందని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. జనం చాలామంది నమ్మలేదు. నిజమేమిటన్న వాదన నేటికీ తెగలేదు. అయితే భరించలేని దుఃఖంలో మనిషి తన పేరు, ఊరు మరచి, ఎక్కడికో వెళ్లిపోవడం అరుదుగా జరుగుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకుంటోంది. సినిమాల్లో చూపినట్టు తలకు రెండో దెబ్బ తగిలితే మతి తిరిగిరావడం మాత్రం ఉత్తమాట.

1928లో విడాకులయ్యాయి. 1930లో పురావస్తు శాస్త్రజ్ఞుడు మాక్స్ మాలోవన్‌ను ఆమె పెళ్లాడింది. 1976లో మరణించింది. మరుసటి ఏడు వెలువడిన ఆత్మకథలో ఆ 11 రోజుల ఊసే లేదు.

మన ఊళ్లలోనూ ఇల్లు మరచి తిరిగేవారు అప్పుడప్పుడు కనిపిస్తుంటారు. దెయ్యం పట్టిందనో, వేషాలు వేస్తోందనో అనేముందు ఇంత అన్నం పెట్టి, పోలీసులకు కబురు చేసి, ఆస్పత్రిలో చూపించడం మేలు. ఇంటి దగ్గర ఆమె కోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.